సరే, వద్దు

ఇంటి నుంచి

ఏమండీ,

ఫోన్ చేసినప్పుడల్లా "మాట్లాడవేం, ఉన్నావా?" అని అడుగుతారు. ఉన్నాను. హాల్లో ఫోను పట్టుకుంటే ఒక పక్క అత్తయ్య, ఇంకో పక్క మామయ్య టీవీ గొంతు తగ్గించి మరీ కూర్చుంటారు. వాళ్ల ముందు "తిన్నారా" అని అడగడానికే నాకు చెమటలు పడతాయి. మీరేమో సొరంగం పని దగ్గర సిగ్నలు లేక, ఎప్పుడో బజారుకు వచ్చినప్పుడు చేస్తారు. ఆ కాస్త సమయమూ నా మూగతనానికే సరిపోతోంది. అందుకే రాస్తున్నాను. నాది ఏడో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పనిలో చేరాను. వెళ్లేముందు "చూద్దాంలే" అన్నారు కదా, నేనే చూసేశాను. మా అన్నయ్య రిపేరు షాపుకు పాత కంప్యూటర్లు ఇచ్చే కంపెనీలో కంప్యూటర్లన్నీ చూసుకునే సిస్టమ్స్ సారు ఒకాయన ఉన్నారు. మనిషి కావాలని ఆయన అడిగితే, అన్నయ్య నా పేరు చెప్పాడు. షాపులో నేను కౌంటరు వెనక తెర కట్టుకుని కూర్చుని పాడైన కంప్యూటర్లలో సిస్టమ్ మళ్లీ ఎక్కించేదాన్ని కదా. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరూ నా మొహం చూడరు. ఇక్కడ అలా కుదరదు. ఫోన్ మోగితే ఎత్తాలి, మనుషుల బల్లల దగ్గరికి నడిచి వెళ్లాలి.

మొదటి రోజే బిల్లింగ్‌లో ఒక అక్క నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మగపిల్లలెవరూ ఖాళీగా లేరా?" అంది. నేను జవాబు చెప్పకుండా బల్ల కిందకు దూరాను. ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు చెప్పు తగిలి వైరు ఊడింది. బిగించి పైకొచ్చాను. కంప్యూటరు వెలిగింది. ఆవిడ నాలుక కరుచుకుని, "ఎవరికీ చెప్పకేం" అంది. అప్పటినుంచి ఆవిడ నాకు బిల్లింగక్క.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్తాను. చాలా పనులకు నేను కుర్చీలోంచి లేవక్కర్లేదు. నా కంప్యూటరులోంచి వాళ్ల తెర చూసి, వాళ్ల మౌసు నేనే కదిలించి బాగు చెయ్యొచ్చు. కానీ ఊరికే చూడటానికి వీల్లేదు. ముందు వాళ్ల తెర మీద చిన్న పెట్టె వస్తుంది. "సహాయ విభాగం మీ తెర చూడాలనుకుంటోంది" అని ఉంటుంది. కింద రెండు బొత్తాలు, సరే, వద్దు. వాళ్లు సరే నొక్కితేనే నాకు కనిపిస్తుంది. చూస్తున్నంతసేపూ వాళ్ల తెర పైన పసుపు గీత వెలుగుతూ ఉంటుంది. నేను నోరు తెరవకుండానే నా బదులు ఆ పెట్టె అడుగుతుంది. ఇన్నాళ్లకు నా గొంతు ఒకచోట దొరికినట్టుంది.

ఒక్క చిన్న మాట. మన గది తలుపుకు లోపల గడియ లేదు. అత్తయ్య బీరువాలో దుప్పటి కోసమనో, కిటికీ వేశానో లేదో అనో ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తారు. పెద్ద విషయమేం కాదు. ఊరికే రాశాను.

జాగ్రత్తగా ఉండండి.

మీ భార్య

*

సొరంగం పని దగ్గర నుంచి

గుసగుసకు,

ఆ పేరు ఇప్పుడే పెట్టాను. పెళ్లయి నేను ఇక్కడికి వచ్చేలోపు నువ్వు నాతో మాట్లాడిందంతా గుసగుసే. పక్కనున్న నాకే సగం వినబడేది కాదు. ఉత్తరంలో మాత్రం ఇంత గొంతు ఎక్కడ దాచావే! ఒకసారి చదివి, తిన్నాక మళ్లీ చదివాను. మా గుడారంలో పడుకునే డ్రిల్లింగు వాడు "ఎవరిదన్నా, ఇంటిదా?" అని తొంగి చూస్తే దిండు కింద పెట్టేశాను.

ఇక్కడ వెల్డింగు పనే. కొండ లోపలికి పోయేకొద్దీ బయట ఎండో వానో తెలియదు. పైకొచ్చాక కాసేపు కళ్లు మూసుకుని నిలబడాల్సి వస్తుంది.

కంప్యూటరు పని అంటే ఆపి మళ్లీ వెయ్యడమే కదా? మా స్టోరు గుమాస్తా అదే చేస్తాడు. బాగవకపోతే నెత్తిమీద ఒకటి కొడతాడు. నువ్వూ అంతేనా?

గడియ సంగతి. దానికో కథ ఉంది. నేను చిన్నప్పుడు ఆ గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను, తియ్యడం రాలేదు. లోపల నేను ఏడుపు, బయట అమ్మ ఏడుపు. నాన్న గడ్డపార తెచ్చి గడియ పీకేశారు. మళ్లీ ఎవరూ పెట్టలేదు. అమ్మ మనసులో ఏమీ ఉండదు. ఆ గది ఆవిడకు ఇంకా నేను ఏడ్చిన గదే. నేను వచ్చాక పెడతాను. అప్పటిదాకా సర్దుకో.

నోటితో చెప్పలేనివి రాయి. నేను తప్ప ఎవరు చదువుతారు?

నీ మొగుడు

*

ఇంటి నుంచి

ఏమండీ,

ఎవరు చదువుతారని అడిగారు. అత్తయ్య చదివారు.

మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి కవరు చింపి ఉంది. భోజనాల దగ్గర అత్తయ్య నవ్వుతూ, "గుసగుసట! వాడికి ఇలాంటివి కూడా వచ్చా?" అన్నారు. మామయ్య గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "మీ అబ్బాయి నాకు రాశారు అత్తయ్యా" అన్నాను. నిజానికి అనలేదు, అందామనుకున్నాను. పెదవులు కదిలాయి, అంతే. ఇకనుంచి ఆఫీసు చిరునామాకు రాయండి. కింద ఇచ్చాను.

ఇప్పుడు నా పని గురించి చెప్తాను, నెత్తిమీద కొట్టడం కాదని మీకు తెలియాలి.

మా అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. పాత గుమాస్తా. అందరూ తాతగారంటారు. ఆయన తెర మీద ఆయన భార్య ఫొటో ఉంటుంది. ఆవిడ పోయారు. ఆయన ఫైళ్ల బొమ్మలన్నీ తెర మీదే పరుస్తారు, ఒక్క ఆవిడ మొహం దగ్గర మాత్రం పెట్టరు. చుట్టూ బొమ్మలు, మధ్యలో మొహం, కిటికీలోంచి చూస్తున్నట్టు.

ఆ మధ్య ఒక పొద్దున తాతగారు ఫోన్ చేశారు. "పోయిందమ్మా. అంతా పోయింది. ఖాళీ నీలం రంగు." వెళ్లి చూశాను. కంప్యూటరు ఒక్కోసారి మనిషిని గుర్తుపట్టలేకపోతుంది. అప్పుడు ఎవరో కొత్తవాడనుకుని తాత్కాలికంగా ఒక ఖాళీ గది ఇస్తుంది. పాత గది ఎక్కడికీ పోదు. తాళం పడి లోపలే ఉంటుంది. ఆయన పేరున్న చోట వెతికితే పాత గది గుర్తుకు చివర .bak అని మూడక్షరాల తోక ఒకటి తగిలి ఉంది. తోక తీసి, సరిచేసి, మళ్లీ తెరిచాను. ఫైళ్లన్నీ వచ్చాయి. ఫొటో వచ్చింది. బొమ్మలు మాత్రం చెల్లాచెదురై ఒకటి ఆవిడ ముక్కు మీద పడింది. నేను ఒక్కొక్కటీ జరిపి మొహం ఖాళీ చేశాను. తాతగారు పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తర్వాత వేరే పనికి ఆయన తెర చూడాల్సి వచ్చి నా గదిలోంచి పెట్టె పంపాను. వద్దు అని వచ్చింది. కంగారుగా ఫోన్ చేశాను. ఆయన ఒకటే నవ్వు. "ఈ వయసులో నన్ను ఎవరడుగుతారమ్మా? ఇంట్లో కొడుకు అడగడు, కోడలు అడగదు. నీ పెట్టె ఒక్కటే అడుగుతోంది. వద్దనడం ఎలా ఉంటుందో చూద్దామని నొక్కాను. మళ్లీ పంపు." రెండోసారి సరే అన్నారు. అప్పటినుంచి ప్రతిసారీ ముందు ఒక వద్దు, తర్వాత సరే. నేను కూడా అలవాటు పడ్డాను.

అసలు సంగతి ఇక్కడుంది. మేనేజరు నిన్న సిస్టమ్స్ సారును పిలిచారు. సారు తిరిగొచ్చి తలుపు వేసి నెమ్మదిగా చెప్పారు. పెట్టె తీసెయ్యాలట. పసుపు గీత కూడా తీసెయ్యాలట. ఎవరేం చేస్తున్నారో వాళ్లకు తెలియకుండా మేనేజరు తన గదిలోంచి చూస్తారట. మా దగ్గర ఒక్కచోట మార్చితే చాలు, అన్ని కంప్యూటర్లకూ మారిపోతుంది.

"వాళ్లకు చెప్తామా సార్?" అన్నాను.

"చెప్తే ఇంకెందుకమ్మా?" అన్నారు. నా కళ్లలోకి చూడలేదు. "నెలాఖరులోగా నువ్వే చెయ్యి. నాకు వేరే పనులున్నాయి."

ఏం చెయ్యమంటారు? త్వరగా రాయండి.

మీ భార్య

*

సొరంగం పని దగ్గర నుంచి

గుసగుసకు,

వారానికొకసారి వచ్చే వ్యాను నీ ఉత్తరం తెచ్చింది. జవాబు తీసుకెళ్లడానికి అదే వ్యాను బయట హారన్ కొడుతోంది. గబగబా రాస్తున్నాను.

అమ్మ చేసింది తప్పే. వచ్చినప్పుడు చెప్తాను. నువ్వు మాత్రం ఇప్పుడేమీ అనకు. అంటే వంటింట్లో గిన్నెలు మోగుతాయి, నాన్న బీపీ మాత్ర వేసుకుంటారు, నువ్వు గదిలో కూర్చుని ఏడుస్తావు. ఆ గదికి గడియ కూడా లేదు.

ఆఫీసు సంగతి. అవి వాళ్ల కంప్యూటర్లు, వాళ్లు చూసుకుంటారు. నీకేం పోయింది? నీళ్లలో ఉంటూ మొసలితో పగ పెట్టుకుంటామా? నీ పై ఆయన చెప్పాడు, నువ్వు చేశావు. ఎవరైనా అడిగితే ఆయన పేరు చెప్పు. ఈ పని పోతే ఏమవుతుందో ఆలోచించు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ ఇంట్లోనే. నీకు బయట ఒక కుర్చీ, ఒక బల్ల దొరికాయి. ఎవరి తెర కోసమో వాటిని పోగొట్టుకోకు. తాతగారికి చెప్పకపోతే ఆయనకు తెలియనే తెలియదు. తెలియనిదానికి బాధేముంటుంది?

కోపం తెచ్చుకోకు. నీ మంచికే చెప్తున్నాను.

నీ మొగుడు

*

ఆఫీసు స్టోరు రూము నుంచి

ఏమండీ,

పైన చిరునామా చూసి తప్పు రాశాననుకోకండి. నా బల్ల ఇప్పుడు స్టోరు రూములో ఉంది. ఎందుకో చెప్తాను. మీరు రాసినట్టే మొదట చేశాను. అది కూడా చెప్తాను.

తెలియనిదానికి బాధేముంటుంది అన్నారు. సరే చూద్దామని, అందరికీ మార్చేముందు పరీక్షగా ఒక్క కంప్యూటరుకు మార్చాను. తాతగారిది. పెట్టె వెళ్లలేదు. పసుపు గీత వెలగలేదు. ఆయన తెర నా తెర మీదకు వచ్చేసింది. అంత సులువు.

భోజనాల వేళ. అంతస్తు ఖాళీగా ఉంది. తాతగారు తెర మీద ఫైళ్లు మూసేశారు. తర్వాత బొమ్మల్ని ఒక్కొక్కటీ పట్టుకుని పక్కకు జరపడం మొదలుపెట్టారు. మెడ కనిపించింది, భుజం కనిపించింది, చేతిలో పట్టుకున్న గొడుగు కనిపించింది. ఆవిడ పూర్తిగా కనిపించేదాకా జరిపారు. మౌసు బాణం ఆవిడ చెంప దగ్గర ఆగింది. అలాగే ఉంది. కాసేపటికి మళ్లీ ఒక్కొక్కటీ తెచ్చి యథాస్థానంలో పెట్టేశారు, మనుషులు వచ్చేలోపు.

నేను తెర ఆపలేదు. మొత్తం చూశాను.

మీకు ఇంతవరకు రాయని ఒకటి ఇప్పుడు రాస్తాను. మీరు వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున నేను తలంటుకుని వచ్చి గదిలో బట్టలు మార్చుకుంటున్నాను. అత్తయ్య తలుపు తోసుకుని వచ్చారు. నేను గోడ వైపు తిరిగిపోయాను. ఆవిడ వెళ్లిపోలేదు. బీరువా తీసి, దుప్పటి వెతికి, మడత పెట్టి, "ఆడదాని ముందు ఆడదానికి సిగ్గేంటే" అని వెళ్లారు. ఆ రోజంతా చర్మం మీద ఏదో అంటుకున్నట్టు ఉంది. ఆవిడ మనసులో ఏమీ ఉండదని మీరంటారు. నిజమే. నా మనసులో కూడా ఏమీ లేదు తాతగారి తెర చూసినప్పుడు. అయినా చూశాను కదా. ఆ తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్య ఇప్పుడు నేనే.

వెంటనే పెట్టె తిరిగి పెట్టేశాను. గీత కూడా. తాతగారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తెర వైపు తిరిగారు. తర్వాత, "గొడుగు బాగుందా?" అన్నారు. "బాగుందండీ" అన్నాను. "తనే కొనుక్కుంది. వానలో ఎప్పుడూ మరిచిపోయి వెళ్లేది." అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. దారిలో సిస్టమ్స్ సారు ఎదురై "ఎక్కడికమ్మా?" అంటే చెప్పాను. "నా మాట విను, మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి ఆయనకు" అన్నారు. లోపలికి వెళ్లేముందు తలుపు కొట్టాను. "రా" అన్నాక వెళ్లాను. తలుపు వేయడం మరిచిపోయాను.

"పని అయిందా?"

"చెయ్యను సార్" అన్నాను. ఎప్పటిలాగే, మీరు పెట్టిన పేరులాగే.

"ఏంటీ? వినబడలేదు. నోట్లో ముత్యాలున్నాయా?"

"చెయ్యను సార్."

"గట్టిగా చెప్పమ్మా! మా దగ్గర గుసగుసలు పనికిరావు!"

నాకు ఏమైందో తెలియదు. గుసగుస అన్న మాట ఆయన నోట వినేసరికి, భోజనాల దగ్గర ఆ నవ్వు గుర్తొచ్చింది. "చెయ్యను! వాళ్లకు చెప్పకుండా వాళ్ల తెరలు చూసే పని నేను చెయ్యను!" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. వెనక అంతస్తు అంతా లేచి నిలబడి ఉంది. కీబోర్డులు ఆగిపోయాయి.

ముందుగా కదిలింది బిల్లింగక్క. గుమ్మం దాకా వచ్చి, "ఎవరి తెరలు సార్?" అంది. ఆవిడ గొంతు సంగతి మీకు తెలియదు. ఫోన్ లేకపోయినా పై అంతస్తుకు వినబడుతుంది. మేనేజరు మొహం ఎర్రబడింది. "ఏదో ఆలోచన అనుకున్నాం, ఇంకా ఏమీ కాలేదు, వెళ్లి పని చూసుకోండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. "ఆలోచనైతే మాతోనే అనండి సార్, మేమూ ఆలోచిస్తాం" అంది బిల్లింగక్క. ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వారు. తాతగారు తన కుర్చీలోంచి లేవకుండానే, "నేను వద్దు నొక్కాను సార్, రాసుకోండి" అన్నారు.

సాయంత్రం సిస్టమ్స్ సారు వచ్చి నా పాస్‌వర్డు తీసేసుకున్నారు. "మేనేజరుగారు నిన్ను స్టోరులో వెయ్యమన్నారమ్మా. పాత కంప్యూటర్లు తుడిచి, పనికొచ్చేవి వేరు చెయ్యాలట." విసిగి నేనే మానేస్తానని వాళ్ల ఆశ. నేను మానను. కిటికీ లేదు, దుమ్ము, విరిగిన కుర్చీలు, కొండలా పాత డబ్బాలు. అయినా సరే. వెళ్లమని రాసి ఇచ్చేదాకా వెళ్లను. మీరు కొండలో, నేను ఈ కొండలో.

ఇంకొక మాట. ఈ ఉత్తరం చదివాక నాకు సర్దుకో అని మాత్రం రాయకండి. రాయడానికి అదొక్కటే ఉంటే అసలు రాయకండి.

*

సొరంగం పని దగ్గర నుంచి

నీకు,

ఏ పేరుతో పిలవాలో తెలియక అలా మొదలుపెట్టాను. గుసగుస అని పిలవొద్దంటే మానేస్తాను. చెప్పు.

నీ ఉత్తరం వచ్చాక ఒక వ్యాను జవాబు లేకుండా వెళ్లిపోయింది. కోపంతో కాదు. రాయడం మొదలుపెట్టినప్పుడల్లా కలం "సర్దుకో" వైపే వెళ్లింది. మా ఇంట్లో పెరిగినవాడికి ముందుగా వచ్చే మాట అదే.

ఒకటి నీకు చెప్పలేదు. అమ్మ ఉత్తరాలు చింపుతుందని నాకు ముందే తెలుసు. నేను హాస్టల్లో చదివే రోజుల్లో, సెలవులకు ఇంటికొస్తే స్నేహితులు రాసినవన్నీ ఆవిడే ముందు చదివేది. నేనేం చేశానో తెలుసా? వాళ్లకు రాయొద్దని చెప్పేశాను. అలా సర్దుకున్నాను. ఇప్పుడు నాకు ఉత్తరం రాసే స్నేహితుడు ఒక్కడూ లేడు. "నేను తప్ప ఎవరు చదువుతారు" అని నీకు ఎలా రాశానో నాకే అర్థం కాలేదు. ఈసారి చదవదేమో అనుకున్నానేమో.

ఇక్కడ సొరంగంలో పేలుడు పెట్టేముందు ఒక మనిషి లోపలినుంచి బయటిదాకా కేకలు వేసుకుంటూ నడుస్తాడు. లోపల ఎవరూ లేరని అందరికీ తెలిసినా సరే, నడుస్తాడు. మొన్న కొత్త సూపర్‌వైజరు "ఎందుకురా ఈ ఊరేగింపు, టైము దండగ" అన్నాడు. ఇంతకుముందైతే నేను నాకెందుకులే అని నా రాడ్లు నేను సర్దుకునేవాణ్ణి. ఈసారి "కేక లేకపోతే మేం లోపలికి దిగం" అన్నాను. నా వెనక డ్రిల్లింగు వాడు కూడా అన్నాడు. సూపర్‌వైజరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కేక వేశారు. నీ "చెయ్యను" కొండ దాటి ఇక్కడిదాకా వినబడింది, తెలుసుకో.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. ఇనుప గడియ. పనికిరాని రాడ్డు ముక్క తీసుకుని కాల్చి, వంచి, నేనే చేశాను. కాస్త మొరటుగా ఉంది. బలంగా మాత్రం ఉంది. నేను వచ్చేదాకా ఆగకు. మీ అన్నయ్యను పిలిచి పెట్టించుకో. అమ్మకు విడిగా ఉత్తరం రాశాను. దాన్ని ఆవిడ చింపొచ్చు, ఆవిడదే.

నీ మొగుడు

*

ఆఫీసు స్టోరు రూము నుంచి

ఏమండీ,

పొట్లం వచ్చింది. మీరు ఆలస్యం చేశారు. గడియ అప్పటికే పెట్టేశాను.

అన్నయ్యను పిలవలేదు. సెలవు రోజు మధ్యాహ్నం బజారుకు వెళ్లి గడియ కొన్నాను, ఆఫీసు స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాను. కంప్యూటరు డబ్బా విప్పడం కంటే కష్టమేం కాదు. చప్పుడు విని అత్తయ్య వచ్చారు.

"ఏంటే అది?"

"గడియ అత్తయ్యా."

"ఎవరినడిగి పెడుతున్నావ్?"

స్క్రూ నా నోట్లో ఉంది. తీసి చేతిలో పట్టుకున్నాను. "మీరు ఎవరినడిగి లోపలికి వస్తున్నారత్తయ్యా?" అన్నాను. గట్టిగా కాదు. కానీ ఆవిడకు పూర్తిగా వినబడింది.

"ఇది నా ఇల్లే!"

"ఇల్లు మీదే. మీరు వస్తానంటే ఎప్పుడైనా కాదంటానా? అడగండి, అంతే. నా ఉత్తరం కూడా అంతే. చదివి వినిపించమంటే కొంత చదివి వినిపిస్తాను. కొంత మాత్రం నాది."

"చూశారా, నోట్లో నాలుక లేదనుకున్నాం!" అని ఆవిడ మామయ్య వైపు తిరిగారు. న్యాయం చెప్తారని. మామయ్య పేపరు దించి, కళ్లద్దాలు పైకి తోసి, "ఆ పై స్క్రూ వంకరగా పోతోందమ్మా, కొంచెం ఎడమకు" అన్నారు.

మీరు చెప్పినట్టే గిన్నెలు మోగాయి. చాలా రోజులు మోగాయి. నేను ఏడవలేదు. ఒక సాయంత్రం తలుపు మీద దబదబా గుద్దుళ్లు. "మహారాణీగారూ! బీరువాలోంచి దుప్పటి కావాలి, దయచేస్తారా?" తలుపు తీసి, "రండత్తయ్యా" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకునే వచ్చి, మూతి ముడుచుకునే వెళ్లారు. కానీ అడిగి వచ్చారు.

ఆఫీసు సంగతి. నేనింకా స్టోరులోనే ఉన్నాను. పెట్టె కూడా ఉన్నచోటే ఉంది. సిస్టమ్స్ సారును మేనేజరు మళ్లీ అడిగారట. "అంతస్తు అంతా విన్నాక ఇప్పుడు చేస్తే గొడవవుతుంది సార్" అన్నారట. పిరికితనమో, మంచితనమో, పెట్టె మాత్రం మిగిలింది. రేపు తీసెయ్యమని ఇంకెవరికైనా చెప్పొచ్చు. అప్పుడు మళ్లీ అరుస్తాను. ఇప్పుడు నాకు అరవడం వచ్చు.

నన్ను ఇక్కడ పడేస్తే ఎవరికీ కనబడననుకున్నారు. బిల్లింగక్క రోజూ అన్నం డబ్బా ఇక్కడికే తెచ్చుకుని నాతో తింటోంది. విరిగిన కుర్చీకి తాడు కట్టి దాని మీద కూర్చుంటుంది. మొన్న తాతగారి కంప్యూటరు మొరాయించింది. పైనున్న సిస్టమ్స్ సారును పిలవకుండా కంప్యూటరు డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగి వచ్చేశారు. దారిలో మేనేజరు ఎదురై, "ఏంటండీ ఇది, పై నుంచే చూడొచ్చుగా?" అన్నారట. "అడిగే పిల్ల కిందుంది సార్" అని దిగివచ్చారు. నేను దాన్ని పాత తెరకు తగిలించి, మౌసు ఆయన చేతికిచ్చి, "చూడనా తాతగారూ?" అన్నాను. "వద్దు" అన్నారు. ఇద్దరం ఆగాం. "సరే, చూడు" అన్నారు.

ఇక మీ గడియ. దాన్ని ఏం చెయ్యాలో తోచక ఇంటికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. అత్తయ్య చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "వాడే చేశాడా?" అన్నారు. అప్పుడు చూశానండీ, ఇన్నాళ్లూ చూడలేదు. వాళ్ల గదికి కూడా గడియ లేదు. తలుపు మీద పాత స్క్రూల బొక్కలు కూడా లేవు. ఎప్పుడూ లేదు.

"మీ తలుపుకు పెట్టనా అత్తయ్యా?"

"నాకెందుకే? ఈ వయసులో నన్ను చూడటానికి ఎవడొస్తాడు?"

"ఎవరూ రాకపోయినా సరే. పెట్టనా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఏదో సర్ది, మళ్లీ వచ్చి, "వంకరగా పెట్టకు" అన్నారు.

పెట్టాను. వంకర లేదు. మీ గడియ బరువుకు తలుపు కాస్త కిర్రుమంది. అత్తయ్య లోపలికి వెళ్లి తలుపు వేసుకుని గడియ పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. ఈసారి తియ్యలేదు. మేం బయట కూర్చున్నాం. టీ చల్లారిపోతోంది. మామయ్య చివరికి లేచి వెళ్లి, నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి అనుకుంటాను, తన గది తలుపు తను కొట్టి, "ఏమేవ్, టీ చల్లారుతోంది, రానా?" అన్నారు.

లోపలినుంచి, "వద్దు!" అని వచ్చింది.

ఆ వెంటనే నవ్వు. అత్తయ్య అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. మామయ్య తెల్లమొహం వేసుకుని నా వైపు చూశారు. "కాసేపాగి మళ్లీ అడగండి మామయ్యా" అన్నాను.

గుసగుస అని మీరు పిలవచ్చు. మీరు ఒక్కరే. ఇంకొకరి నోట వింటే ఊరుకోను.

సొరంగం పని అయిపోయి వచ్చినప్పుడు, మీ ఇల్లే కదా, మీ గదే కదా అని తోసుకుని రాకండి. తలుపు కొట్టి నిలబడండి. సరే అంటానో, వద్దంటానో, అప్పుడు చూద్దాం.

మీ గుసగుస